పైపు గ్యాస్ కనెక్షన్‌కు దరఖాస్తు: లోడు లెక్క నుంచి ప్రెషర్ టెస్టు దాకా

పైపు గ్యాస్ దరఖాస్తులో చాలామంది తేలిగ్గా తీసుకునే గడి ‘మొత్తం లోడు’. మీటరు సైజు, పైపు సైజు రెండూ తేలేది అక్కడే. ప్రతి పరికరానికీ అతికించి ఉండే ప్లేటు మీద దాని గ్యాస్ వాడకం సాధారణంగా కిలోవాట్లలో ఉంటుంది. అన్నీ కూడండి. పొయ్యి 8, గ్యాస్ గీజరు 20 అనుకుంటే మొత్తం 28 కిలోవాట్లు. పైపులో వచ్చేది సహజవాయువు; దాని ఒక ఘనమీటరుకు సుమారు 10 యూనిట్ల (కిలోవాట్-గంటల) వేడి వస్తుంది కాబట్టి, రెండూ ఒకేసారి వెలిగితే గంటకు 2.8 ఘనమీటర్లు కావాలి. జీ1.6 రకం మీటరు గంటకు 2.5 ఘనమీటర్లకు మించి ఇవ్వదు, జీ2.5 అయితే 4 దాకా ఇస్తుంది. పొయ్యి ఒక్కటే చూపించి చిన్న మీటరు పెట్టించుకున్నాక గీజరు తగిలిస్తే, ఎవరైనా స్నానానికి వెళ్లినప్పుడల్లా వంటగదిలో మంట కుంగిపోతుంది. ముందు ముందు కొనబోయే గీజరునూ ఇప్పుడే కలిపి రాయండి.

కాగితాల సంగతి సులువే: గుర్తింపు కార్డు, చిరునామా రుజువు, ఇంటి యాజమాన్య పత్రం. అద్దె ఇల్లయితే యజమాని రాసిచ్చిన అంగీకారం, అపార్ట్‌మెంటయితే సంఘం అనుమతి సాధారణంగా అడుగుతారు. పేరు, ఇంటి నంబరు అన్నిట్లోనూ ఒకేలా ఉండాలి.

పైపు దారి చూపే స్కెచ్‌లో మీటరు చోటు, పొడవు, మలుపులు, వాల్వులు అన్నీ గుర్తించాలి. ప్రతి ఎల్బో దగ్గరా కొంత ఒత్తిడి పోతుంది కాబట్టి తక్కువ మలుపులున్న దారే మేలు. గోడ దాటేచోట పైపు స్లీవ్‌లోంచి, అంటే దానికన్నా లావైన తొడుగు గొట్టంలోంచి వెళ్లాలి. పొయ్యి వాల్వు చేతికి అందాలి. దాన్ని అల్మారా వెనక దాస్తే అవసరానికి దొరకదు. గ్యాస్ పైపును ఎర్తింగుకు వాడకూడదు.

బిగింపు పని లైసెన్సున్న ఫిట్టరుదే. మీరు పట్టుబట్టాల్సింది ఒక్కటే: తనిఖీ అయ్యేదాకా పైపును ప్లాస్టరుతో కప్పనివ్వొద్దు. కప్పేశాక లీకు బయటపడితే గోడ పగలగొట్టాల్సిందే. లీకులు పట్టే ప్రెషర్ టెస్టుకు ముందు పొయ్యి, గీజరు విప్పేసి పైపు చివర్లకు ప్లగ్గులు వేయాలి, లేకపోతే ఆ ఒత్తిడికి వాటి లోపలి వాల్వులు పాడవుతాయి. లోపలికి గాలి గానీ నైట్రోజన్ గానీ ఎక్కిస్తారు. ఆక్సిజన్ సిలిండరు తెస్తే పని ఆపించేయండి. గాలి ఎక్కించిన వెంటనే గేజి ముల్లు కాస్త కదలొచ్చు, అది ఉష్ణోగ్రత సర్దుకోవడం వల్ల. కాసేపాగి రీడింగు మొదలుపెట్టాక మాత్రం ముల్లు దిగకూడదు. దిగితే ప్రతి జాయింటుకూ సబ్బునీళ్లు రాస్తే బుడగలు లేచేచోటే లీకు. అగ్గిపుల్లతో వెతకడం మాత్రం ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు.

గ్యాస్ వదిలేముందు వంటగది వెంటిలేటరు చూడండి. సహజవాయువు గాలికన్నా తేలిక, లీకైతే పైకప్పు దగ్గర చేరుతుంది. అందుకే గాలి పోయే దారి పైభాగాన ఉండాలి. సిలిండరు గ్యాస్ అయితే బరువు, నేల మీదే పరుచుకుంటుంది. పొగగొట్టం లేని గీజరును బాత్రూములో పెట్టడం కార్బన్ మోనాక్సైడ్‌తో ప్రాణాపాయం. పాత సిలిండరు పొయ్యినే వాడుకోవాలంటే జెట్లు (బర్నరుకు గ్యాస్ వదిలే చిన్న నాజిళ్లు) మార్పించాలి, వాటి రంధ్రాలు సహజవాయువుకు చాలవు.

చివర్లో ఇచ్చే ధ్రువపత్రం మీద మీటరు నంబరు, టెస్టు ఒత్తిడి, అది నిలిచిన సమయం రాసి ఉంటేనే సంతకం పెట్టండి.