ఇంటర్ తర్వాత చదువుకు స్కాలర్‌షిప్: దరఖాస్తు ఎలా చేయాలి?

అన్ని అర్హతలూ ఉండి కూడా, పేరులో ఒక్క అక్షరం తేడా వల్ల స్కాలర్‌షిప్ ఆగిపోతే ఆ విద్యార్థికి కలిగే నష్టం చిన్నది కాదు. అందుకే దరఖాస్తు తేదీ ప్రకటించే దాకా ఆగకుండా, ఇంటర్ ఫలితాలు రాగానే పని మొదలుపెట్టాలి.

మొదట పదో తరగతి మెమో, ఆధార్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్‌లను పక్కపక్కన పెట్టి పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ సరిచూడండి. మెమోలో పూర్తిగా ఉన్న ఇంటిపేరు ఆధార్‌లో పొడి అక్షరంగా ఉండటం మన ఇళ్లలో మామూలే. అలా ఉంటే మెమో ప్రకారం ఆధార్‌ను సరిచేయించుకోండి. ఖాతా తెరిచినప్పుడు ఆధార్ నకలు ఇచ్చాం కదా అని ఊరుకోవద్దు. ఆధార్ ఆధారంగా జమచేసే ప్రభుత్వ సొమ్ము, బ్యాంకుల మధ్య చెల్లింపులను నడిపే సంస్థ ఎన్‌పీసీఐ వద్ద ఆ ఆధార్ నంబరుకు అనుసంధానమైన ఒకే ఒక్క ఖాతాకు చేరుతుంది. అది ఏ బ్యాంకుదో మైఆధార్ వెబ్‌సైట్‌లోని బ్యాంక్ సీడింగ్ స్టేటస్‌లో తెలుస్తుంది. ఎప్పుడో మూసేసిన ఖాతా అక్కడ కనబడితే, ఇప్పుడు వాడుతున్న బ్యాంకుకు వెళ్లి మార్పించుకోవాలి.

తర్వాత ఆదాయ, కుల ధ్రువపత్రాలకు తెలంగాణలో మీసేవలో, ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయంలో దరఖాస్తు చేయండి.

ఇక పథకాన్ని ఎంచుకోవడం. రాష్ట్ర ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు తెలంగాణలో ఈపాస్, ఆంధ్రప్రదేశ్‌లో జ్ఞానభూమి పోర్టళ్లు ఉన్నాయి. కేంద్ర పథకాలు నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో ఉంటాయి. ఇంటర్‌లో తమ గ్రూపులో మొదటి 20 శాతంలో నిలిచి, కుటుంబ ఆదాయం ఏడాదికి 4.5 లక్షల రూపాయలు మించని వారికి సెంట్రల్ సెక్టార్ పథకం డిగ్రీలో ఏటా 12,000 రూపాయలు ఇస్తుంది; అయితే రీయింబర్స్‌మెంట్ పొందేవారు దీనికి అర్హులు కారు. కాబట్టి ఫీజు భారీగా ఉండే ఇంజినీరింగ్‌కు రీయింబర్స్‌మెంటే మేలు. ఫీజు నామమాత్రంగా ఉండే ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో మాత్రం ఆ 12,000 ఎక్కువ అక్కరకొస్తుంది. సాంకేతిక విద్యను పర్యవేక్షించే ఏఐసీటీఈ గుర్తింపు ఉన్న కాలేజీలో డిప్లొమా లేదా డిగ్రీ మొదటి సంవత్సరంలో చేరిన అమ్మాయిలు ప్రగతి పథకాన్ని తప్పక పరిశీలించాలి. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉంటే, ఇంటికి ఇద్దరు అమ్మాయిల వరకు, ఒక్కొక్కరికి ఏటా 50,000 రూపాయలు అందుతాయి.

జాతీయ పోర్టల్‌లో ముందుగా వన్ టైమ్ రిజిస్ట్రేషన్ చేసుకుని, ఆ నంబరుతో దరఖాస్తు నింపాలి. రుసుము ఏమీ ఉండదు. డబ్బు అడిగేవారిని నమ్మవద్దు, ఓటీపీ ఎవరికీ చెప్పవద్దు. ఆన్‌లైన్‌లో పంపడంతో పని ముగిసిపోదు. కాలేజీ పరిశీలించి ఆమోదిస్తేనే దరఖాస్తు పైకి కదులుతుంది కనుక, ప్రింటు, ధ్రువపత్రాల నకళ్లు కాలేజీ ఆఫీసులో ఇచ్చి, వారానికోసారి స్టేటస్ చూడండి. డిఫెక్ట్ అని కనబడితే, గడువులోగా సరిదిద్ది మళ్లీ పంపవచ్చు.

మంజూరైన స్కాలర్‌షిప్‌ను ఏటా రెన్యువల్ చేసుకోవాలి. సెంట్రల్ సెక్టార్ పథకంలో అందుకు వార్షిక పరీక్షల్లో 50 శాతం మార్కులు, 75 శాతం హాజరు ఉండాలి.