డాబా మీద వేధశాల: ఎక్కడ తేడా కొడుతోంది, ఎందుకు, ఏం చేయాలి

ఉత్తర కోస్తాలో, సముద్రానికి కాస్త ఎడంగా ఉన్న చిన్న పట్టణం మాది. పదిమందిమి చందాలు వేసుకుని ఊరి చివర ఒక డాబా మీద ఆకాశం చూసే వేధశాల కట్టాం. పది అడుగుల చదరపు గది, పక్కకు జరిగే రేకుల కప్పు, లోపల ఈక్వటోరియల్ మౌంట్ (అక్షాన్ని ధ్రువం వైపు గురిపెడితే చుక్కల వెంట తిరిగే స్టాండ్) మీద ఎనిమిది అంగుళాల న్యూటోనియన్, అంటే అద్దంతో పనిచేసే టెలిస్కోప్. ఈ పిచ్చి మనకు కొత్తేం కాదు. 1840లోనే గోడే వెంకట జగ్గారావు గారు విశాఖపట్నంలో తన ఇంటి దగ్గరే వేధశాల పెట్టుకున్నారు. ఆయన జమీందారు. మాకున్నది చందా పుస్తకం.

మొదటి రెండేళ్లు ఆకాశం చూసింది తక్కువ, రిపేర్లు చేసింది ఎక్కువ. ఏం జరిగినా ముందు టెలిస్కోప్‌నే తిట్టాం. తీరా లెక్క చూసుకుంటే అద్దాల తప్పు పావలా వంతు, కట్టుబడి తప్పు ముప్పావలా వంతు. అందుకే ఇక్కడ సిమెంటు, ఇనుము గోలే ఎక్కువ ఉంటుంది.

ఎవరైనా నడిస్తే శని గెంతుతోంది

లక్షణం: ఐపీస్‌లో (కన్ను పెట్టి చూసే కటకంలో) గ్రహం నిలకడగా ఉంటుంది. మెట్ల మీద ఒకరు అడుగు వేయగానే ఎగిరిపడుతుంది, కుదురుకోవడానికి ఐదారు సెకన్లు పడుతుంది.

మేం మౌంట్ గేర్లు వదులయ్యాయనుకుని ఒక నెల వాటితో కుస్తీ పట్టాం. చివరికి తేల్చింది స్టీలు పళ్లెం. మౌంట్ దించేసి, టెలిస్కోప్ నిలబెట్టే దిమ్మె మీద పళ్లెం పెట్టి, అందులో వేలెడు లోతు నీళ్లు పోయండి. గది చీకటి చేసి టార్చి వెలుగు నీళ్ల మీద ఏటవాలుగా పడేట్టు పట్టుకుంటే ఎదుటి గోడ మీద వెలుగు మచ్చ పడుతుంది. ఇప్పుడు ఒకరిని గదిలో మామూలుగా నడవమనండి. మచ్చ వణికితే తప్పు మౌంట్‌ది కాదు, దిమ్మెది. మా మచ్చ వణకడం కాదు, నాట్యమే చేసింది. గది కట్టిన మేస్త్రీ అది చూసి, "దిమ్మెకీ గచ్చుకీ కలిపి పోసేశాం కద సార్, ఊగక ఏం చేస్తది" అని తేల్చేశాడు. కలిపి పోయమన్నది మేమే.

కారణం అదే. మనుషులు నిలబడే గచ్చు, టెలిస్కోప్ నిలబడే దిమ్మె ఒకే ముక్క కాకూడదు.

నేల మీద కడుతుంటే పరిష్కారం సులువు. దిమ్మెకు వేరే పునాది తీసి, చుట్టూ గచ్చు పోసేటప్పుడు అంగుళం మందం థర్మాకోల్ అడ్డం పెట్టండి. కాంక్రీటు గట్టిపడ్డాక దాన్ని పీకేసి, సందులోకి ఎలుకలు దూరకుండా మెత్తటి రబ్బరు కుక్కితే చాలు. డాబా మీద దిమ్మెను శ్లాబు నుంచి విడదీయలేం. అక్కడ తిరగేసి ఆలోచించాలి: విడదీయాల్సింది మనుషుల్ని. దిమ్మెను కింది పిల్లరు సరిగ్గా ఎక్కడుందో చూసి దాని నెత్తిన కట్టాలి, శ్లాబు మధ్యలో కాదు. మనుషులు నిలబడడానికి బాక్సు పైపులతో చెక్క అరుగు చేయించి, దాని కాళ్లు గోడల వారన, దూలాల మీద ఆనేలా పెట్టాలి. అరుగు దిమ్మెను ఎక్కడా తాకకూడదు. మేం ఇదే చేశాం. అడుగుల అదురు పూర్తిగా పోలేదు కానీ శని గెంతడం మానేసి తల ఊపే స్థాయికి వచ్చింది.

అయినా ఊగుతుంటే దిమ్మె పైన చూడండి. లెవెల్ సరిచేయడానికని రెండు ప్లేట్ల మధ్య జానెడు పొడవు బోల్టులు వదిలేస్తారు. అంత లావు దిమ్మె కట్టి చివర్లో నాలుగు పుల్లల మీద నిలబెట్టినట్టు అవుతుంది. ప్లేట్లను దగ్గరకు బిగించండి. ఇనుప పైపు దిమ్మె అయితే లోపల ఎండిన ఇసుక నింపండి, మోగడం తగ్గుతుంది.

మౌంట్‌ను ఎంత తిప్పినా ధ్రువనక్షత్రం దొరకట్లేదు

మౌంట్‌ను అటూ ఇటూ జరిపే మరలకు ఉండే వీలు కొద్ది డిగ్రీలే. దిమ్మెలో బోల్టులు పాతేటప్పుడే ఉత్తరం తప్పితే ఆ తర్వాత మర చివరికంటా తిప్పినా చాలదు. తప్పు ఎలా వస్తుందంటే, ఫోన్‌లో దిక్సూచి చూసి గీత గీస్తారు. మన ప్రాంతంలో దిక్సూచి చూపే ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా డిగ్రీ లోపే, దాంతో పేచీ లేదు. పేచీ అంతా పక్కనున్న ఇనుప ఊచలతోనూ రేకులతోనూ. ఆ గదిలో దిక్సూచి చెప్పే మాట నమ్మకండి.

దీనికి మందు పాతకాలపు శంకువు. సమతలంగా ఉన్న గచ్చు మీద మీటరు కర్రను తూకపు గుండుతో నిలువుగా పాతండి. కర్ర మొదలు కేంద్రంగా సుద్దతో పెద్ద వలయం గీయండి. పొద్దున నీడ పొడవుగా ఉండి క్రమంగా కురచ అవుతూ వస్తుంది. నీడ కొన వలయాన్ని తాకి లోపలికి వచ్చిన చోట ఒక గుర్తు పెట్టండి, మధ్యాహ్నం తర్వాత మళ్లీ తాకి బయటికి పోయిన చోట ఇంకొకటి. రెండు గుర్తుల్నీ కలిపితే తూర్పు పడమర. ఆ గీత సగం నుంచి కర్ర మొదలుకు గీసిందే ఉత్తర దక్షిణాలు. గడియారంతో పని లేదు, ఊరి రేఖాంశంతోనూ పని లేదు.

ఒకటే జాగ్రత్త, ఇది చలికాలంలో చేయండి. డిసెంబర్ చివర్లో మా దగ్గర మీటరు కర్రకు మధ్యాహ్నం కూడా దాదాపు 90 సెంటీమీటర్ల నీడ పడుతుంది. పైగా ఆ రోజుల్లో సూర్యుడు ఉత్తర దక్షిణాలకు జరిగేది చాలా తక్కువ కాబట్టి గీత ఖచ్చితంగా వస్తుంది. మే రెండో వారం నుంచి జూలై చివరి దాకా మన అక్షాంశాల్లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు నెత్తికి ఉత్తరంగా ఉంటాడు, నీడ దక్షిణానికి పడుతుంది. ఇది తెలియక వేసవిలో మధ్యాహ్నపు నీడ చూసి ఉత్తరం దక్షిణం తారుమారై దిమ్మె పాతుకున్నవాళ్లున్నారు.

ధ్రువనక్షత్రం విషయం కూడా చెప్పాలి. అది ఎంత ఎత్తులో కనిపిస్తుందనేది ఊరి అక్షాంశమే. హైదరాబాద్‌లో 17 డిగ్రీల పైచిలుకు, అనంతపురంలో 15 డిగ్రీల లోపు. అంటే దుమ్ము, మంచు, పక్కింటి కొబ్బరిచెట్టు, అన్నీ అడ్డమే. గది స్థలం చూసేటప్పుడే ఉత్తరం వైపు కింది ఆకాశం తెరిపిగా ఉందో లేదో చూసుకోండి. దక్షిణం ఎలాగూ అందరూ చూస్తారు.

బరువు దిమ్మెకు కొట్టుకుంటోంది

ఇది మనలాంటి తక్కువ అక్షాంశాల వాళ్లకే వచ్చే తంటా. మౌంట్లు ఎక్కువగా 35, 50 డిగ్రీల దేశాల వాళ్లను దృష్టిలో పెట్టుకుని చేస్తారు. అక్షాన్ని 17, 18 డిగ్రీలకు దించితే, టెలిస్కోప్‌కు సమతూకంగా బరువులు తగిలించే కడ్డీ దాదాపు నిట్టనిలువుగా వేలాడి దిమ్మెను రాసుకుంటుంది. కొన్నింటికి అక్షాన్ని అంత కిందికి దించేలోపే ఎత్తు సరిచేసే బోల్టు అడ్డం పడుతుంది.

దిమ్మె పైభాగం సన్నగా ఉండాలి. కింద అడుగున్నర వెడల్పు సిమెంటు దిమ్మె ఉన్నా, దాని మీద ఆరంగుళాల ఇనుప పైపు ముక్క నిలబెట్టి దానిమీద మౌంట్ పెడితే కడ్డీ ఊగడానికి చోటు దొరుకుతుంది. అప్పటికీ తగిలితే కడ్డీని కురచగా కోయించి బరువు పెంచండి. మూడుకాళ్ల స్టాండ్ మీద అయితే ఉత్తరం వైపు కాలు రాకుండా తిప్పి పెట్టండి. ఇంకా మౌంట్ కొననివాళ్లు బరువు మోసే శక్తి ఒక్కటే చూడకుండా, ఎంత తక్కువ అక్షాంశానికి దిగుతుందో ముందు అడగండి.

చుక్క నెమ్మదిగా జారిపోతోంది

మోటారు తిరుగుతున్నా చుక్క పక్కకు పోతోందంటే అక్షం ధ్రువానికి గురి కుదరలేదు. ధ్రువనక్షత్రమే అసలు ధ్రువానికి అర డిగ్రీ పైగా పక్కన ఉంటుంది కాబట్టి దాన్ని ఐపీస్ మధ్యకు తెచ్చినంత మాత్రాన అయిపోలేదు. ఉత్తరం వైపు చెట్టు అడ్డమున్నా పనికొచ్చే పద్ధతి ఒకటుంది. ముందు దక్షిణాన ఎత్తుగా, ఖగోళ మధ్యరేఖ (భూమధ్యరేఖకు నేరుగా పైన ఆకాశంలో ఊహించుకునే గీత) దగ్గర ఉన్న చుక్కను పట్టండి. మృగవ్యాధుడి (ఓరియన్) నడుము మీది మూడు చుక్కలు చక్కగా సరిపోతాయి. చుక్క దక్షిణానికి జారితే అక్షం తూర్పుకు ఎక్కువైంది, ఉత్తరానికి జారితే పడమరకు ఎక్కువైంది. అది సరిచేశాక తూర్పున కాస్త పైకి వచ్చిన చుక్కను పట్టండి. దక్షిణానికి జారితే అక్షం కిందికి ఉంది, ఉత్తరానికి జారితే పైకి ఉంది. రెండూ ఒకటికి రెండుసార్లు చేస్తే గంటన్నరలో కుదురుతుంది. తర్వాత బోల్టుల మీద పెయింటుతో గీత పెట్టుకోండి, ఎవరైనా కదిపితే తెలుస్తుంది.

చుక్క జారడం కాదు, పరుగే పెడుతోందా? మోటారు ఆపి చూడండి. ఆపితే వేగం సగానికి తగ్గిందంటే మౌంట్‌లో దక్షిణార్ధగోళం అని సెట్టింగ్ ఉంది, మోటారు వెనక్కి తిరుగుతోంది. మాలో ఇంజినీరింగ్ చదివిన ముగ్గురం దీన్ని కనుక్కోడానికి రెండు రాత్రులు తీసుకున్నాం.

బొమ్మ ఉడుకుతోంది

గురుడి పట్టీలు నీటి అడుగున ఉన్నట్టు అలలాడుతుంటే ముందు ప్రకాశవంతమైన చుక్కను ఫోకస్ తప్పించి చూడండి. వెడల్పాటి వెలుగు బిళ్లలో పొగలాంటిది ఒక పక్క నుంచి నింపాదిగా లేస్తుంటే ఆ వేడి మీ గొట్టంలోనే ఉంది. సన్నటి అలలు బిళ్ల మీదుగా సర్రున కొట్టుకుపోతుంటే అది పై వాతావరణం, దానికి మందు లేదు. ఆ రాత్రి గ్రహాలు వదిలి చుక్కల గుంపులు చూసుకోండి.

మన ఊళ్లలో మొదటి రకమే ఎక్కువ. పగలంతా ఎండ తాగిన శ్లాబు రాత్రి పది దాకా ఆ వేడిని కక్కుతూనే ఉంటుంది. రేకుల గదిలో పెట్టిన అద్దం కొలిమిలోంచి తీసినట్టుంటుంది. పొద్దు వాలగానే కప్పు తెరిచేయండి, చూడడం మొదలుపెట్టేది గంటన్నర తర్వాత. అద్దం వెనక పాత కంప్యూటర్లోని 12 వోల్టుల ఫ్యాను బిగించండి. శ్లాబుకు ఏటా సున్నం కొట్టించండి. ఇంత ఖర్చుతో ఇంత ఫలితం మరే పనికీ రాలేదు మాకు. పక్క డాబా మీద ఏసీ యూనిట్ ఉంటే దాని మీదుగా చూడకండి.

కప్పు సగంలో ఇరుక్కుంటోంది

రెండు పట్టాలూ నూలు పట్టినట్టు సమాంతరంగా ఉంటాయనుకుని రెండు వైపులా గాడి చక్రాలు వేయిస్తారు. వెల్డింగు వేడికి ఒకటి, ఎండకు ఒకటి వంకరపోతాయి, కప్పు బిగుసుకుంటుంది. గ్రీజు పూస్తే దానికి ఇసుక అంటుకుని మరీ మొండికేస్తుంది. ఒక పక్క మాత్రమే గాడి చక్రాలు ఉంచండి, దారి చూపించేది అదే. రెండో పక్క చదునైన చక్రాలు వేయించండి, అవి బరువు మోస్తే చాలు. పట్టాలు అర అంగుళం అటూ ఇటూ అయినా కప్పు నడుస్తుంది.

ఇరుక్కోవడం కన్నా ఎగిరిపోవడం పెద్ద ప్రమాదం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖను ఎలా ఊడ్చేసిందో చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. చక్రాల మీద ఉన్న రేకుల కప్పును కింది నుంచి గాలి ఎత్తేస్తుంది. నాలుగు మూలలా టర్న్‌బకిల్స్ (తిప్పి బిగించే మర కొక్కేలు) వేసి గోడకు బిగించే ఏర్పాటు ఉండాలి. మామూలు రోజుల్లో కూడా మూసిన ప్రతిసారీ బిగించాలి, తుఫాను హెచ్చరిక వచ్చాక కాదు.

మౌంట్ మధ్యలో ఆగి మళ్లీ మొదలవుతోంది

తొంభై పాళ్లు ఇది కరెంటు తీగ. కింది గదిలోని 12 వోల్టుల బ్యాటరీ నుంచి ఒక చదరపు మిల్లీమీటరు రాగి తీగ పది మీటర్లు లాగారనుకోండి. పోనూ రానూ ఇరవై మీటర్లు. మౌంట్ వేగంగా తిరిగేటప్పుడు 3 ఆంపియర్లు లాగితే దారిలోనే వోల్టు పైన హరించుకుపోతుంది. బ్యాటరీని దిమ్మె పక్కకు తెచ్చుకోండి, లేదా తీగ లావు పెంచండి. ఇంటికి వెళ్లేటప్పుడు అన్ని తీగలూ పీకేయండి. డాబా మీద ఇనుప గది అంటే పిడుగుకు పిలుపే, ఎర్తింగ్‌కు పిసినారితనం వద్దు.

అద్దం మీద సాలెగూడు

తుడిస్తే పోదు, ఎందుకంటే అది సాలీడుది కాదు, ఫంగస్ బూజు. తేమ వల్ల, అంతకుమించి మన అతిజాగ్రత్త వల్ల వస్తుంది. టెలిస్కోప్‌ను ప్లాస్టిక్ కవరుతో గట్టిగా చుట్టేస్తే తేమ లోపలే మగ్గుతుంది. నూలు గుడ్డ కప్పండి. ఐపీస్‌లు గాలి చొరని డబ్బాలో సిలికా జెల్‌తో పెట్టి, జెల్ రంగు మారగానే పెనం మీద వేడిచేసి మళ్లీ వాడుకోండి. జూన్ నుంచి అక్టోబర్ దాకా అద్దాలు ఇంటికి తీసుకుపోవడమే మేలు. అలాగే ఫైండర్ (గురి చూసుకునే చిన్న దుర్బిణి) గొట్టంలోనూ, ఐపీస్‌ను ముందుకూ వెనక్కూ జరిపే ఫోకసర్లోనూ కందిరీగలు మట్టిగూళ్లు కడతాయి. ఫోకసర్ బిగుసుకుంటే బలం ఉపయోగించే ముందు లోపల టార్చి వేసి చూడండి.

శనికి వలయాలు లేవు

టెలిస్కోప్ బాగానే ఉంది. 2025 మార్చిలో వలయాలు అంచు మీదుగా మనవైపు తిరిగాయి, సుమారు పదిహేనేళ్లకోసారి ఇలా అవుతుంది. అక్కణ్నుంచి ఏటికేడు కొంచెం కొంచెంగా మళ్లీ తెరుచుకుంటాయి. పిల్లలకు ఇదే పెద్ద పాఠం, తప్పు సర్దిచెప్పడానికి ప్రయత్నించకండి.

వీధిదీపం

పిల్లలకోడిలో (కృత్తికల్లో) మామూలు కంటికి ఎన్ని చుక్కలు కనిపిస్తున్నాయో నెలనెలా రాసి పెట్టుకోండి. ఆరు కనిపించేచోట నాలుగుకు తగ్గితే కొత్త దీపం ఏదో వచ్చినట్టే. దీపం తీసేయమని అడిగితే ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. వెలుగు పక్కలకు పోకుండా రేకు గొడుగు మా ఖర్చుతో వేస్తామని అడిగితే పంచాయతీలో ఒప్పుకున్నారు. వీధి కూడా ఇంకాస్త బాగా వెలుగుతోందని ఎదురింటావిడే చెప్పారు.

జనం రావడం మానేశారు

మొదటి నెల యాభైమంది, ఆరో నెలకు నలుగురం. చందమామను చూడ్డానికి గంట లైనులో నిలబడి, నిచ్చెన ఎక్కి, ఐపీస్‌ను పట్టుకోగానే బొమ్మ పోయి, ఏమీ కనపడకుండా దిగిపోయినవాళ్లు మళ్లీ ఎందుకు వస్తారు? ఐపీస్ కింద పట్టుకోడానికి విడిగా ఒక కర్ర పాతండి, చేతులు దానిమీద ఉంటాయి. లైనులో ఉన్నవాళ్ల కోసం కింద నేల మీద ఒక చిన్న డాబ్సోనియన్ (చేత్తో తిప్పుకునే సాదా టెలిస్కోప్) పెట్టండి. దాన్ని పిల్లలే తిప్పుకోవాలి, పెద్దవాళ్లు చేయి వేయకూడదు.

మా దగ్గర ఇంకో కారణం కూడా ఉంది. తాళంచెవి ఒక్కటే ఉండేది, అది నా దగ్గర. నాకు నైట్ డ్యూటీ పడ్డ వారాలన్నీ వేధశాలకు సెలవే. ఇప్పుడు చెవులు నాలుగు. ఒకటి పదో తరగతి అమ్మాయి దగ్గర ఉంది. టర్న్‌బకిల్స్ బిగించడం ఎప్పుడూ మరచిపోనిది ఆ అమ్మాయి ఒక్కతే.