వైశాఖ ముహూర్తాలకు ముందే ఎక్స్‌పోర్ట్ సంగతి తేల్చుకోండి

పెళ్లి వీడియోల పని మీద పడే వైశాఖ, జ్యేష్ఠాల్లోనే ఎండలూ ముదురుతాయి. పగలంతా టైమ్‌లైన్ మీద బాగానే నడిచిన సిస్టమ్ రాత్రి ఎక్స్‌పోర్ట్ (ఎడిట్ చేసినదంతా ఒకే వీడియో ఫైలుగా తీయడం) పెట్టగానే పడిపోతే ఆశ్చర్యం లేదు. ఎడిటింగ్‌లో దానికి మధ్యమధ్య తెరిపి దొరుకుతుంది. ఎక్స్‌పోర్ట్‌లో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు, ర్యామ్, డిస్కు నాలుగూ గంటల తరబడి కలిసి పనిచేయాలి. లోపం ఎక్కడున్నా అప్పుడే బయటపడుతుంది.

కాబట్టి సీజన్‌కి పది రోజుల ముందు రెండు గంటలకు తగ్గని పాత పెళ్లి ప్రాజెక్టు ఒకటి తెరిచి, మొదటి నుంచి చివరిదాకా ఎక్స్‌పోర్ట్ కొట్టి చూడండి. ఐదు నిమిషాల టీజర్‌తో చేసే పరీక్ష పరీక్షే కాదు. సిస్టమ్ వేడెక్కేలోపే అయిపోతుంది.

మధ్యలో ఆగిపోతే వెంటనే సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయకండి. ఎక్కడ ఆగిందో రాసుకుని ఇంకోసారి పెట్టండి. రెండోసారి ఎక్కడ ఆగిందన్నదాన్ని బట్టే జబ్బు తెలుస్తుంది. ఇక్కడ వాడినవి ప్రీమియర్ ప్రో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ మెనూ పేర్లు. ఎడియస్, రిజాల్వ్ లాంటివి వాడేవాళ్లకూ వెతికే పద్ధతి ఇదే.

రెండుసార్లూ అదే చోట ఆగితే

తప్పు టైమ్‌లైన్‌లో ఉంది. ఎర్రర్ బాక్సులో టైమ్‌కోడ్ కనిపిస్తే నేరుగా అక్కడికే వెళ్లండి. కనిపించకపోతే సగాలు చేయండి: 120 నిమిషాల వీడియోలో మొదటి 60కి ఇన్, అవుట్ మార్కులు పెట్టి ఎక్స్‌పోర్ట్ చేయండి. అది దాటితే తప్పు రెండో సగంలో ఉన్నట్టు. ఇలా ఏడుసార్లు సగం చేస్తే నిమిషం లోపు ముక్క చేతికొస్తుంది.

అక్కడ ఎక్కువగా దొరికేది ఆల్బమ్ ఫొటోలే. 24 మెగాపిక్సెల్ ఫొటో అంటే 6000×4000 పిక్సెళ్లు. ఫైల్ చూస్తే 8 ఎంబీనే ఉండొచ్చు కానీ, విప్పితే పిక్సెల్‌కి 4 బైట్ల చొప్పున 96 ఎంబీ అవుతుంది. ఒక్కో రంగుకి 32 బిట్ల లెక్కలో, అంటే పిక్సెల్‌కి 16 బైట్లు అయితే 384 ఎంబీ. అలాంటివి పది పక్కపక్కన పేర్చి కొలాజ్ చేస్తే 3.8 జీబీ. 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు అక్కడికే నిండిపోతుంది. ఫుల్ హెచ్‌డీ వీడియోకి 2500 పిక్సెళ్ల వెడల్పు చాలు, కొంచెం జూమ్ చేసుకోవడానికి కూడా సరిపోతుంది. ఫొటోలన్నీ ముందే చిన్నవి చేసి టైమ్‌లైన్‌లోకి తెచ్చుకోండి.

తర్వాతి అనుమానం చుట్టాలు వాట్సాప్‌లో పంపిన ఫోన్ క్లిప్పుల మీద. ఫోన్లు సాధారణంగా వేరియబుల్ ఫ్రేమ్ రేట్‌లో, అంటే సెకనుకి ఇన్ని ఫ్రేములని స్థిరంగా లేకుండా రికార్డు చేస్తాయి. వాటిని హ్యాండ్‌బ్రేక్ అనే కన్వర్టర్‌లో వేసి, కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్‌కి మార్చాకే వాడండి. వార్ప్ స్టెబిలైజర్ (కుదుపు తగ్గించే ఎఫెక్ట్), బయటి ప్లగిన్లు ఉన్న క్లిప్పుల మీద రైట్ క్లిక్ చేసి రెండర్ అండ్ రీప్లేస్ కొట్టేస్తే, ఎఫెక్ట్ ముందే కలిసిన కొత్త క్లిప్ ఆ చోట చేరి ఎక్స్‌పోర్ట్‌కి ఆ బరువు తగ్గుతుంది.

ఒక్కోసారి ఒక్కో చోట ఆగితే

తప్పు మెషిన్‌లో ఉంది. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ తెరవండి. డిస్‌ప్లే 4101 కనిపిస్తే గ్రాఫిక్స్ డ్రైవర్ స్పందించడం మానేసింది: ఎన్విడియా కార్డయితే గేమ్ రెడీ డ్రైవర్ తీసేసి స్టూడియో డ్రైవర్ వేయండి. కెర్నల్ పవర్ 41 ఉంటే కంప్యూటర్ సరిగ్గా షట్‌డౌన్ కాకుండానే ఆగిపోయింది: వేడినీ, కరెంటునూ అనుమానించాలి.

వేడిని చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో ప్రోగ్రామ్ తెరిచి పెట్టుకుని ఎక్స్‌పోర్ట్ చేయండి. ప్రాసెసర్ 100 డిగ్రీల దగ్గరే కూర్చుంటే క్యాబినెట్ విప్పి బ్లోయర్‌తో దుమ్ము కొట్టాలి. ఫ్యాన్ రెక్కల్ని వేలితో పట్టుకుని కొట్టండి, గాలికి గిర్రున తిరగనివ్వకండి. థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉంటే మార్చండి. పక్క డోరు తీసేసి టేబుల్ ఫ్యాన్ పెట్టడం ఒక రాత్రి గండం గట్టెక్కడానికే. సీజనంతా అలా ఉంచితే దుమ్ము రెట్టింపవుతుంది.

యూపీఎస్ ఉందని ధీమా వద్దు. 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది సుమారు 360 వాట్లే. మంచి గ్రాఫిక్స్ కార్డున్న సిస్టమ్ ఎక్స్‌పోర్ట్‌లో అంతకంటే ఎక్కువ లాగొచ్చు. కరెంటు పోయిన క్షణాన రెండూ కలిసి ఆరిపోతాయి. 1500 వీఏ పెట్టుకోండి, దానికి ప్రింటర్ తగిలించకండి. ఇంటి ఇన్వర్టర్ మీద నడిపేవాళ్లు వెనకున్న స్విచ్ యూపీఎస్ మోడ్‌లో ఉందో లేదో చూసుకోవాలి.

ఇంటెల్ 13, 14వ తరం ఐ7, ఐ9 డెస్క్‌టాప్ ప్రాసెసర్లు ఉన్నవాళ్లు ఇంకొకటి చూడాలి. వోల్టేజీ ఎక్కువై ఇవి దెబ్బతింటున్నాయని 2024లో ఇంటెలే ఒప్పుకుని, దాన్ని సరిదిద్దే మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్) విడుదల చేసి, వారంటీని రెండేళ్లు పొడిగించింది. మదర్‌బోర్డు కంపెనీ సైటు నుంచి ఆ మైక్రోకోడ్ ఉన్న కొత్త బయోస్ వేసుకోండి. అప్పటికే దెబ్బతిన్న చిప్‌ను మాత్రం అప్‌డేట్ బాగు చేయలేదు, వారంటీలో మార్పించుకోవడమే.

చివర్లో, 99 శాతం దగ్గర ఆగితే

డిస్కులో చోటు చూడండి. ఎంపీ4 చేసేటప్పుడు చాలాసార్లు వీడియో, ఆడియో విడివిడి ఫైళ్లుగా రాసి ఆఖర్న కలుపుతారు, కాబట్టి దాదాపు రెట్టింపు చోటు కావాలి. 20 ఎంబీపీఎస్‌లో (సెకనుకి 20 మెగాబిట్లు) రెండు గంటలంటే 18 జీబీ. కనీసం 40 జీబీ ఖాళీ ఉంచండి. సాఫ్ట్‌వేర్ తన కోసం దాచుకునే తాత్కాలిక ఫైళ్లు, అంటే మీడియా క్యాష్, మామూలుగా సీ డ్రైవ్‌లోనే పోగవుతుంది. ప్రిఫరెన్సెస్‌లో మీడియా క్యాష్ తెరిచి దాన్ని వేరే ఎస్‌ఎస్‌డీకి మార్చండి.

నేరుగా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్స్‌పోర్ట్ ఎప్పుడూ వద్దు. అది ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉంటే ఒక్కో ఫైలు 4 జీబీ దాటదు.

సీజన్ నడుస్తుండగా సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్‌కి వెళ్లకండి. అందులో సేవ్ చేసిన ప్రాజెక్టు పాతదానిలో తెరుచుకోదు. విండోస్ అప్‌డేట్లను ఐదు వారాల దాకా పాజ్ చేయొచ్చు. స్లీప్‌ను నెవర్‌లో పెట్టండి.

తెల్లారితే డెలివరీ, అయినా ఆగిపోతోందంటే ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో రెండరర్‌ను సాఫ్ట్‌వేర్ ఓన్లీకి మార్చి చూడండి. నిదానంగా నడుస్తుంది, కానీ కార్డు వల్ల వచ్చే చిక్కు తప్పుతుంది. అదీ కాకపోతే స్నాతకం, జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, అప్పగింతలు దేనికది ప్రోరెస్ 422లో (నాణ్యత పోకుండా ఎడిటింగ్‌కి వాడే పెద్ద ఫైలు రకం) తీసి, కొత్త సీక్వెన్స్‌లో వరసగా పేర్చి ఎంపీ4 చేయండి. ఫుల్ హెచ్‌డీ, 25 ఫ్రేములకు రెండు గంటలు సుమారు 110 జీబీ అవుతుంది, ఆ చోటు ముందే చూసుకోండి.

4 జీబీ హద్దు లేని ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్ పెన్‌డ్రైవ్‌ను పాత టీవీలు కొన్ని చదవవు. అలాంటి ఇంటికి ఫ్యాట్32లోనే ఇస్తూ, 20 ఎంబీపీఎస్ వీడియోను 25 నిమిషాల ముక్కలు చేయండి. వాటిని ఒక టీవీలో ఆడించి చూసేదాకా కెమెరా కార్డులు ఫార్మాట్ కొట్టకండి.