గోడమీద పరుగెత్తే వెలుగును వీడియో తీయడం ఎలా

వెలుగు ఒక నానోసెకనులో (సెకనులో వందకోట్లవ వంతు) పోయే దూరం 30 సెంటీమీటర్లు, అంటే బడిపిల్లల స్కేలు పొడవు. 5 మీటర్ల గోడను 17 నానోసెకన్లలో దాటేస్తుంది. అంత వేగంగా ఫొటోలు తీసే సెన్సర్ మామూలుగా దొరకదు. కానీ ఆ పరుగు ప్రతిసారీ ఒకేలా జరిగేట్టు చూసుకుంటే, ఒక్కోసారి ఒక్కో చుక్కను చూసి చివర్లో అన్నిటినీ కలిపేయొచ్చు. 2011లో ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో రమేశ్ రాస్కర్, ఆండ్రియాస్ వెల్టెన్ బృందం సీసాలో దూసుకుపోయే వెలుగును చూపించింది ఇలాగే. వాళ్ల స్ట్రీక్ కెమెరా (అతి వేగమైన వెలుగు మార్పుల్ని నమోదు చేసేది) ఒక్కసారికి ఒక్క గీతనే చూసేది. అద్దం తిప్పుతూ గీత తర్వాత గీత తీసి కలిపారు. మనం గీత నుంచి చుక్కకు దిగుదాం.

కావలసినవి: 2 నుంచి 5 నానోసెకన్ల పల్స్ (చిన్న మెరుపు) ఇచ్చే 520 నానోమీటర్ల ఆకుపచ్చ లేజర్ డయోడ్, దాని డ్రైవర్, కొద్దిపాటి వెలుగును కూడా పెద్ద విద్యుత్ సంకేతంగా మార్చే ఒక ఫొటోమల్టిప్లయర్ ట్యూబ్, వెలుగు పడగానే విద్యుత్ సంకేతం ఇచ్చే ఒక వేగమైన ఫొటోడయోడ్, విద్యుత్ సంకేతాన్ని సెకనుకు 200 కోట్లసార్లు కొలిచి (ఒక్కో కొలత ఒక శాంపిల్) తరంగంగా చూపే ఆసిలోస్కోప్, రెండు స్టెపర్ మోటార్లమీద అటూ ఇటూ, పైకీ కిందకీ తిరిగే చిన్న అద్దం, 50 మిల్లీమీటర్ల లెన్స్. ఆసిలోస్కోప్ కొనేటప్పుడు శాంపిళ్ల లెక్క ఒక్కటే చూడకండి, బ్యాండ్‌విడ్త్ (ఎంత వేగంగా మారే సంకేతాన్ని అది చూడగలదో) ముఖ్యం. 0.35ను బ్యాండ్‌విడ్త్‌తో భాగిస్తే రైజ్ టైమ్, అంటే సంకేతం పైకి లేచినట్టు చూపడానికి పట్టే సమయం, వస్తుంది. 350 మెగాహెర్ట్జ్‌కి 1 నానోసెకను. 100 మెగాహెర్ట్జ్ అయితే 3.5 నానోసెకన్లు, అంటే వెలుగు అంచు మీటరు పైగా అలుక్కుపోతుంది.

లేజర్‌ను గోడకు ఒక చివర, గోడకు దగ్గరగా ఉంచి, దాని ముందు సన్నని గాజు కడ్డీ పెట్టి కిరణాన్ని విసనకర్రలా పరచండి. మేస్త్రీల లేజర్ లెవెల్ గీసినట్టు తెల్లగోడ పొడవునా ఒక గీత పడాలి. సాంబ్రాణి పొగలో కిరణం ఇంకా అందంగా కనిపిస్తుంది గానీ, స్కాన్ దాదాపు గంట పడుతుంది. ఆలోగా పొగ పలచబడి బొమ్మ ఒకవైపు మసకబారుతుంది. మొదటిసారికి గోడే మేలు.

అసలు కీలకం ట్రిగ్గర్, అంటే ఆసిలోస్కోప్‌కి కొలత ఎప్పుడు మొదలుపెట్టాలో చెప్పే సంకేతం. డ్రైవర్‌కి పంపే విద్యుత్ సంకేతాన్నే ట్రిగ్గర్‌గా వాడితే, డయోడ్ వెలిగే క్షణం ప్రతిసారీ కాస్త ముందూ వెనకా అవుతుంది. ఆ వణుకే బొమ్మను చెడగొడుతుంది. గాజు కడ్డీకి ముందు ఒక గాజు స్లైడును ఏటవాలుగా పెట్టండి. దానిమీద ప్రతిఫలించే కొద్దిపాటి వెలుగు ఫొటోడయోడ్ మీద పడాలి. వెలుగే వెలుగుకు గంట కొట్టాలి. కేబుల్లో మీటరుకు 5 నానోసెకన్ల ఆలస్యం ఉంటుంది, అది స్థిరం కాబట్టి నష్టం లేదు. స్కాన్ మధ్యలో మాత్రం కేబుల్ మార్చకండి.

కెమెరాను (అద్దం, లెన్స్, ట్యూబ్ కలిపి) గోడకు 5 మీటర్ల దూరంలో పెట్టండి. లెన్స్ ఫోకస్ దగ్గర 0.3 మిల్లీమీటర్ల రంధ్రం, దాని వెనక ట్యూబ్. అప్పుడు ఒక్కో పిక్సెల్ గోడమీద 3 సెంటీమీటర్లు. ఒక్కో స్టెప్‌కి 1.8 డిగ్రీలు తిరిగే మోటారును 1/32 మైక్రోస్టెప్‌లో (ఒక్కో స్టెప్‌ను 32 భాగాలు చేసి) నడిపితే పిక్సెల్‌కి 3 మైక్రోస్టెప్‌లు సరిపోతాయి, ఎందుకంటే అద్దం తిరిగినదానికి రెట్టింపు చూపు తిరుగుతుంది. 160×90 చుక్కలు, ఒక్కోదానికి 256 పల్స్‌ల సగటు: మొత్తం దాదాపు 37 లక్షల పల్స్‌లు. డేటా బదిలీతో కలిపి చుక్కకు 0.2 సెకను వేసుకుంటే 48 నిమిషాలు.

గది పూర్తిగా చీకటి చేశాకే ట్యూబ్‌కి హై వోల్టేజ్ ఇవ్వండి. గది లైటు పడితే ట్యూబ్ పాడవుతుంది. 520 నానోమీటర్లకు సరిపోయే రక్షణ కళ్లద్దాలు తప్పనిసరి.

ప్రతి చుక్క తరంగం నుంచి పల్స్‌కు ముందున్న భాగం సగటును తీసేయండి. అన్ని చుక్కల మొదటి శాంపిల్ మొదటి ఫ్రేమ్, రెండోది రెండో ఫ్రేమ్. గోడ దాటే పరుగు 33 ఫ్రేములు వస్తుంది.

ప్రధాన పల్స్ తర్వాత రెండో మెరుపు కనిపిస్తే, అది అన్ని చుక్కల్లోనూ ఒకే ఆలస్యంతో ఉందా చూడండి. ఉంటే అది కేబుల్ ప్రతిధ్వని: స్కోప్ ఇన్‌పుట్‌ను 50 ఓమ్‌లకు మార్చండి. చుక్కను బట్టి ఆలస్యం మారుతుంటే అది ఎదుటి గోడ నుంచి నిజంగా తిరిగొచ్చిన వెలుగే, దాన్ని ఉంచుకోండి. పల్స్ తల చదునైతే ట్యూబ్ వోల్టేజ్ తగ్గించండి.

వెలుగు గోడ మొదటి సగంలో మరీ వేగంగా, రెండో సగంలో నెమ్మదిగా కదిలినట్టు కనిపిస్తుంది. కారణం, గోడ చివరలు మధ్యభాగం కంటే కెమెరాకు 59 సెంటీమీటర్లు దూరం. అక్కడి వెలుగు దాదాపు 2 నానోసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. ప్రతి చుక్క దూరాన్ని టేపుతో కొలిచి లేదా లెక్కగట్టి, ఆ దూరం వల్ల వచ్చిన ఆలస్యాన్ని తరంగం సమయంలోంచి తీసేయండి. ఆ తర్వాత గోడమీద 3 మీటర్ల ఎడంలో ఉన్న రెండు చుక్కల శిఖరాలు పోల్చండి. తేడా 10 నానోసెకన్లకు చాలా దూరంగా ఉంటే, ముందు దూరాల లెక్క, ఆపైన ట్రిగ్గర్ వణుకు వెతకండి.