ఎర్రగడ్డ సంత నుంచి కిల్ టీమ్ బల్ల మీదికి

చిన్న చిన్న సైనికుల బొమ్మలతో ఆడే మినియేచర్ యుద్ధం ఆటల్లో బల్ల మీద అక్కడక్కడా పెట్టే పీపాలు, పెట్టెలు, కూలిన గోడ ముక్కలు, వీటినే స్కాటర్ టెర్రైన్ అంటారు. పెద్ద భవనాలు కొనుక్కోండి, తప్పులేదు. వీటికి మాత్రం డబ్బు పెట్టడం నాకు మనసొప్పదు. నేనాడేది కిల్ టీమ్ అనే అలాంటి ఆట. బల్ల 22 అంగుళాల వెడల్పు, 30 అంగుళాల పొడవు. పదీ పన్నెండు ముక్కలుంటే నిండిపోతుంది.

నా సరుకంతా హైదరాబాద్ ఎర్రగడ్డలో ఆదివారం జరిగే పాత సామాన్ల సంతలోదే. పాడైన పవర్ సప్లై బోర్డు దొరికితే పండగే! దాని మీది డబ్బాల్లాంటి కెపాసిటర్లు నిలబెడితే ఇంధనం పీపాలు, వేడి లాగేసే రెక్కల అల్యూమినియం ముక్క, అదే హీట్ సింక్, పడుకోబెడితే జనరేటర్. పెద్ద కెపాసిటర్లలో కరెంటు నిలవుండి షాక్ కొట్టొచ్చు, తెలిసినవాళ్ళ చేతే ఊడదీయించండి. జేబులో ఒక బొమ్మ పెట్టుకెళ్ళి ప్రతి వస్తువు పక్కనా నిలబెట్టి చూడండి. మన బొమ్మలు సుమారు 28 మిల్లీమీటర్ల స్కేలువి, అంటే నిలబడ్డ మనిషి బొమ్మ దాదాపు అంత ఎత్తు. ఛాతీ దాకా వచ్చిందే బొమ్మ దాక్కోవడానికి మంచి అడ్డం. మోకాలు దాటనిది ఉత్త అలంకారం. బేరం తెగేదాకా మాత్రం ఆ బొమ్మ అమ్మేవాడి కంట పడనివ్వకండి. అది చూశాక అమ్మేవాడికి ఆ తుక్కు మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొస్తుంది.

ఇంటికి తెచ్చాక సబ్బునీళ్ళతో జిడ్డు కడగండి. సర్క్యూట్ బోర్డులయితే తడిగుడ్డతో తుడిస్తే చాలు. కెపాసిటర్ మీది ప్లాస్టిక్ తొడుగును బ్లేడుతో గీసి ఒలిచేయండి, లేకపోతే రంగు పట్టదు. అడుగున పెట్టడానికి అట్ట వద్దు, ఫెవికాల్ తడికి వంకర తిరుగుతుంది. బోర్డులు రాసేవాళ్ళ దగ్గర మిగిలిపోయే 3 మిల్లీమీటర్ల సన్‌బోర్డు (తేలికైన ప్లాస్టిక్ ఫోమ్ పలక) ముక్కలు అడగండి. అంచులు ఏటవాలుగా కోస్తే నేలలో కలిసిపోతాయి. ఒకే ముక్క మీద రెండు మూడు వస్తువులు అంటించేటప్పుడు మధ్యలో 32 మిల్లీమీటర్ల బేస్, అంటే బొమ్మ కింది గుండ్రటి బిళ్ళ, పట్టే సందు వదలండి. చూడ్డానికి బాగుందని ఇరికించేస్తే ఆటలో బొమ్మ నిలబడదు.

ఫెవికాల్ పూసి, టీ జల్లెడలో జల్లించిన ఇసుక చల్లండి. వాడేసిన టీ పొడి కూడా బాగుంటుంది గానీ బాగా కడిగి ఎండబెట్టాలి, లేదంటే బూజు పడుతుంది.

ఇక రంగులు. థర్మాకోల్ ఎక్కడున్నా నేరుగా స్ప్రే కొట్టకండి, స్ప్రేలోని సాల్వెంట్‌కి థర్మాకోల్ కరిగిపోతుంది. ముందు ఫెవికాల్‌లో నల్ల అక్రిలిక్ కలిపి మందంగా పూయండి. ముసురు రోజుల్లో స్ప్రే జోలికే పోకండి, తెల్లగా పొడిబారినట్టు తేలుతుంది.

ఏరుకొచ్చినవి పది రకాలు. అవన్నీ ఒకే చోటివిగా కనబడాలంటే రంగులు తక్కువుండాలి. నావి మూడే: నలుపు, మట్టి గోధుమ, బూడిద తెలుపు. మొత్తం నలుపు కొట్టి, గోధుమ రంగును సందుల్లో నలుపు మిగిలేలా పైపైన వేస్తాను. తర్వాత గట్టి కుంచెకు బూడిద తెలుపు అద్ది, గుడ్డకు తుడిచి తుడిచి, రంగు అయిపోయిందనిపించాక అంచుల మీద ఆడిస్తాను. ఈ డ్రైబ్రష్ దగ్గర తొందర పనికిరాదు. కుంచెలో తడి ఉంటే చారలు పడతాయి.

తుప్పుకు బర్న్ట్ సియన్నా అనే ఎర్ర గోధుమ రంగు. కొత్త రంగు కాదా అంటే కాదు, అది మరక! గిన్నెలు తోమే స్పాంజి చింపి, ఆ గరుకు అంచుతో అక్కడక్కడా అద్దండి. ఆపైన గోధుమ, నలుపు కలిపి నీళ్ళలా పలచన చేసి, ఒక చుక్క గిన్నెల సబ్బు ద్రావణం వేసి అంతటా పారించండి. సబ్బు వల్ల రంగు మూలల్లోకి దిగుతుంది. ఆరాక అన్ని ముక్కలకూ అడుగు అంచున ఒకే దుమ్ము రంగు డ్రైబ్రష్ చేయండి. బల్ల నేల ఏ రంగయితే అదే.

మెరుపు లేని మ్యాట్ వార్నిష్ వేశాక అడుగున పాత జీన్స్ గుడ్డ అంటించండి, బల్ల గీసుకుపోదు. మా ఆవిడ డైనింగ్ టేబుల్ ఇచ్చేది ఆ షరతు మీదే.