కామ్ మార్చాక ఆటోమేటిక్ గేర్‌బాక్సును కాపాడుకోవడం – 5వ పాఠం: కన్వర్టర్ డబ్బా మీది స్టాల్ అంకె

నాల్గవ పాఠం చివర ఇచ్చిన అభ్యాసం చాలామందిని తికమక పెట్టిందని మీరు పంపిన ప్రశ్నలను బట్టి అర్థమవుతోంది. కాబట్టి ఈసారి చెప్పవలసిన లైన్ ప్రెషర్ (గేర్‌బాక్సు లోపలి క్లచ్‌లను పట్టి ఉంచే ఆయిల్ ఒత్తిడి) సంగతిని చివరకు నెట్టి, ఇంజిను బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్సుకు అందించే టార్క్ కన్వర్టర్ దగ్గరే మరికాసేపు ఆగుదాం. మన ఉదాహరణ కారు మారలేదు. అమెరికాలో 1998–2002 మధ్య అమ్మిన షెవ్రొలే కమారో, అందులో 5.7 లీటర్ల ఎల్ఎస్1 ఇంజిను, దాని వెనుక నాలుగు గేర్ల 4ఎల్60-ఇ గేర్‌బాక్సు. 0.050 అంగుళాల లిఫ్టు (కామ్ ఎత్తే ఎత్తు) దగ్గర కొలిస్తే 228 డిగ్రీల డ్యూరేషన్ (వాల్వును తెరిచి ఉంచే వ్యవధి) ఉన్న కామ్, అంటే ఇంజిను వాల్వులను తెరిచే ఇరుసు, వేస్తున్నాం.

వచ్చిన ప్రశ్నలు చాలావరకు రెండే. "3,000 స్టాల్ కన్వర్టర్ కొన్నాను, కారు 1,500 ఆర్‌పీఎం దగ్గరే కదిలిపోతోంది, మోసపోయానా?" అన్నది మొదటిది. "బ్రేకు తొక్కిపెట్టి పరీక్షిస్తే 2,400 దాటడం లేదు, కన్వర్టర్ పాడైందా?" అన్నది రెండవది. రెండింటికీ మూలం ఒకటే: డబ్బా మీద అచ్చువేసిన అంకె కన్వర్టర్‌కు పుట్టుకతో వచ్చిన గుణమని నమ్మడం. ఈ నమ్మకం నాకు విసుగు తెప్పించే విషయాల్లో మొదటిది కనుక, దీన్ని విడమరచే ముందుకు వెళ్తాను.

అవుట్‌పుట్ వైపు టర్బైన్ (గేర్‌బాక్సును తిప్పే చక్రం) కదలకుండా ఉన్నప్పుడు, ఇంజిను ఇచ్చే టార్క్ (తిప్పే బలం), కన్వర్టర్ మింగే టార్క్ సమానమయ్యే ఇంజిను వేగమే స్టాల్ స్పీడ్. కన్వర్టర్ మింగే టార్క్ దాని వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. అందుచేత స్టాల్ ఆర్‌పీఎంను ఆ వేగం దగ్గర ఇంజిను టార్క్ వర్గమూలంతో భాగిస్తే వచ్చే సంఖ్యే కన్వర్టర్ అసలు గుణం. దాన్ని కె-ఫ్యాక్టర్ అంటారు. కె 150 ఉన్న కన్వర్టర్‌ను 400 పౌండ్-ఫీట్ల ఇంజిను వెనుక పెడితే 3,000 దగ్గర స్టాల్ అవుతుంది, అమ్మేవారు డబ్బా మీద వేసుకునేది ఆ అంకెనే. అదే కన్వర్టర్ 330 పౌండ్-ఫీట్ల ఇంజిను వెనుక సుమారు 2,725 దగ్గర, సూపర్‌చార్జర్ బిగించి 500 పౌండ్-ఫీట్లు తీసే ఇంజిను వెనుక సుమారు 3,350 దగ్గర ఆగుతుంది. అదే తరం కమారోలో వచ్చిన 3.8 లీటర్ల వీ6 గరిష్ఠ టార్క్ 225 పౌండ్-ఫీట్లు. ఆ లెక్క ప్రకారం 2,250 మాత్రమే. దాని వెనుక అది బిగుస్తుందా లేదా అన్నది వేరే సంగతి, ఇక్కడ లెక్క కోసమే చెప్పాను. వస్తువు ఒక్కటే, అంకెలు నాలుగు.

ఇప్పుడు కామ్ వైపు నుంచి చూద్దాం. కంపెనీ కన్వర్టర్ 280 పౌండ్-ఫీట్ల దగ్గర 1,800కి స్టాల్ అవుతోందనుకుంటే, దాని కె సుమారు 107.6. పెద్ద కామ్ పైభాగంలో బలాన్ని ఇస్తూ కింది వేగాల్లో టార్క్‌ను తగ్గిస్తుంది. అక్కడ 250 మాత్రమే మిగిలితే స్టాల్ 1,700కి పడిపోతుంది. అంటే కామ్‌కు ఎక్కువ వేగం కావలసిన చోటే పాత కన్వర్టర్ ఇంజినును ఇంకా కిందికి లాగుతోంది. సిగ్నల్ దగ్గర కారు నీరసంగా కదిలితే కామ్‌ను తిట్టుకునేవారు ఈ లెక్క ఒక్కసారి వేసి చూడాలి.

కారు 1,500 దగ్గరే కదలడం లోపం కాదు. స్టాల్ అంకె చేరేదాకా బండి కదలదనుకోవడానికి కన్వర్టర్ మాన్యువల్ క్లచ్ కాదు. ఐడిల్‌లో కూడా అది కొంత టార్క్‌ను చక్రాలకు అందిస్తూనే ఉంటుంది. ఇక బ్రేకు తొక్కి చేసే పరీక్షలో, చాలా కార్లలో అసలు స్టాల్ రాకముందే వెనుక టైర్లు బ్రేకును ఓడించి తిరిగిపోతాయి కనుక 2,400 అన్నది కన్వర్టర్ అంకె కాదు, మీ బ్రేకుల అంకె. పైగా ఆ పరీక్ష 5 సెకన్లు మించకూడదు; ఒకరు దాదాపు అర నిమిషం పట్టి ఉంచారని రాశారు, ఆ ఆయిల్‌ను పారబోసి కొత్తది పోయండి. నేనైతే ఆ పరీక్ష జోలికే పోను. ట్రాక్ మీద నిలిపిన కారులో థ్రాటిల్‌ను ఒక్కసారిగా పూర్తిగా తొక్కి, ఆర్‌పీఎం సూది ఎక్కడికి ఎగిరిందో లాగ్‌లో (కారు కంప్యూటర్ నుంచి నమోదైన అంకెల్లో) చదువుకుంటాను.

సరే, స్టాల్ ఎంత ఎక్కువైతే గేర్‌బాక్సుకు అంత భద్రమా? కానే కాదు. స్టాల్ కంటే తక్కువ వేగంలో నడిపినంతసేపూ కన్వర్టర్ జారుతుంది, జారినదంతా ఆయిల్‌లో వేడిగా మారుతుంది. పాన్‌లో (గేర్‌బాక్సు అడుగున ఉండే ఆయిల్ తొట్టిలో) ఆయిల్ 80–95 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే నిశ్చింత. 115 దాటితే ఆయిల్ చెడి లోపలి భాగాల మీద వార్నిష్‌లా పేరుకోవడం మొదలవుతుంది, 127 దగ్గర సీళ్లు గట్టిపడతాయి. కన్వర్టర్‌కు వందల డాలర్లు పోసి గేర్‌బాక్సు ఆయిల్‌ను చల్లబరిచే కూలర్ దగ్గర లెక్క చూసుకోవడం ఏనుగును కొని అంకుశానికి బేరమాడినట్టే. గొట్టాలూ రెక్కలూ ఉండే రకం కాక, పలకలు పేర్చినట్టుండే కూలర్‌నే తీసుకోండి. రేడియేటర్‌లోని పాత కూలర్‌ను తీసేయకుండా దాని తర్వాత వరుసలో కలపండి. అమెరికాలోని డల్లాస్ లాంటి వేడి ఊరి వేసవిలో ట్రాఫిక్‌లో నిలబడే కారుకు ఫ్యాన్ ఉన్నది కావాలి. లాకప్ (నిలకడ వేగంలో జారుడును ఆపే లోపలి క్లచ్) లేని కన్వర్టర్‌ను నేను రోడ్డు కారుకు సూచించను.

కన్వర్టర్‌ను పూర్తిగా లోపలికి దిగేలా తోసి, ఫ్లెక్స్‌ప్లేట్‌కు (ఇంజిను వెనుక ఉండి కన్వర్టర్ బిగుసుకునే పళ్లెం) దానికి మధ్య ఖాళీ కొలవాలన్నది అందరికీ తెలిసినదే.

లైన్ ప్రెషర్ గురించి ఈ పాఠానికి ఒక్క మాట చాలు. 4ఎల్60-ఇ ఇంజినును చూడదు, కంప్యూటర్ లెక్కగట్టిన టార్క్‌ను మాత్రమే చూస్తుంది. కామ్ వేశాక ఇంజినులోకి వెళ్లే గాలి గురించి కంప్యూటర్ వేసే లెక్కను సరిచేయకపోతే ఆ టార్క్ తక్కువగా తేలి, ప్రెషర్ తక్కువై, ఈ గేర్‌బాక్సులో అసలే బలహీనమైన 3-4 క్లచ్‌లు జారి కాలిపోతాయి. గేర్లు గట్టిగా పడాలని టార్క్ మేనేజ్‌మెంట్‌ను (గేరు మారేటప్పుడు కంప్యూటర్ ఇంజిను టార్క్‌ను తగ్గించడాన్ని) పూర్తిగా తీసేయించుకున్నవారు, ఒకనాడు 2, 4, రివర్స్ మూడూ కలిసి పోతే గేర్‌బాక్సు లోపలి సన్ షెల్ అనే భాగం విరిగిందని అనుమానించవచ్చు.

అభ్యాసం ఈసారి బరువైనది. పాత కామ్ ఉండగానే ఒకే దారిలో వారం పాటు నడిపి పాన్ ఉష్ణోగ్రత, ఆర్‌పీఎం, కన్వర్టర్ జారుడు, కంప్యూటర్ లెక్కగట్టిన టార్క్ నమోదు చేయండి. వాటి నుంచి మీ కన్వర్టర్ కె కట్టండి. అదే రకం కామ్ వేసిన ఎల్ఎస్1 డైనో (టార్క్ కొలిచే యంత్రం) కాగితం సంపాదించి, 1,600 నుంచి 3,200 వరకు ప్రతి 400 ఆర్‌పీఎం దగ్గరా టార్క్ చదవండి. చక్రాల దగ్గర కొలిచిన కాగితమైతే గేర్‌బాక్సులో పోయే భాగాన్ని కలుపుకోవాలి. ఆ టార్క్‌లతో పాత కన్వర్టర్ స్టాల్, మీరు కొనదలచిన దాని స్టాల్ వేరువేరుగా లెక్కించండి. లెక్క పంపేటప్పుడు కారు బరువు, వెనుక యాక్సిల్ నిష్పత్తి, టైరు ఎత్తు తప్పక రాయండి. అవి లేని లెక్కలను నేను దిద్దను, కన్వర్టర్ తయారు చేసేవారూ మొదట అడిగేది వాటినే. లాగ్‌లో పాన్ ఉష్ణోగ్రత ఇప్పటికే 105 దాటుతుంటే కామ్ పనిని ఆపి ముందు కూలర్ బిగించండి.