అర్జీ రాసే ముందు చూసుకోండి: పని ఢిల్లీదా, రాష్ట్రానిదా?

కలెక్టరేట్‌లో సోమవారం ఇచ్చిన అర్జీ కదలకపోతే అధికారులను తిట్టుకుంటాం. ఒక్కోసారి ఆ పని అసలు వాళ్ల చేతిలోనే ఉండదు. రాజ్యాంగం ఏడో షెడ్యూలు అధికారాలను కేంద్రం, రాష్ట్రం, ఉమ్మడి అని మూడు జాబితాలుగా పంచింది. మీ పని ఎందులో పడుతుందో ముందు తేల్చుకోండి.

రోడ్డు గుంతయితే దగ్గర్లోని కిలోమీటరు రాయి తల చూడండి. పసుపుంటే జాతీయ రహదారి, ఆకుపచ్చుంటే రాష్ట్ర రహదారి. కర్నూలు, అనంతపురం మీదుగా పోయే 44వ నంబరు రహదారైతే 1033కి ఫోన్ చేయండి. ఊరి పేరొక్కటే చెప్తే చాలదు, రాయి మీది అంకె, ఏ వైపు రోడ్డో కూడా చెప్పాలి.

గుంతకల్లు స్టేషన్లో సెల్‌ఫోను పోతే? రైల్వే కేంద్రానిదే, కానీ పోలీసు రాష్ట్ర జాబితాలో ఉంది. అందుకే దొంగతనం కేసు కట్టేది రాష్ట్రం కింద పనిచేసే రైల్వే పోలీసులు (జీఆర్‌పీ), కేంద్రం కింది రైల్వే రక్షణ దళం (ఆర్‌పీఎఫ్) కాదు. ఖాకీ చూసి చాలామంది పొరబడేది ఇక్కడే.

అసలు చిక్కంతా నీళ్లతోనే. సాగునీరు రాష్ట్ర జాబితాలో 17వ అంశం. అంతర్రాష్ట్ర నదుల నియంత్రణ కేంద్ర జాబితాలో 56వది. కాలువలో పూడిక పేరుకున్నా, తూము పగిలినా, చివరి ఆయకట్టుకు నీళ్లు రాకపోయినా జలవనరుల శాఖ ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీరుకు) రాయండి, నకలు ఆయన పైఅధికారి డీఈకి పంపండి. కర్ణాటకలో హొసపేట దగ్గరి తుంగభద్ర డ్యాం సంగతి వేరు, దాన్ని చూసేది తుంగభద్ర బోర్డు. 2024 ఆగస్టులో 19వ గేటు కొట్టుకుపోయింది కదా, అలాంటిది మన కలెక్టరేట్‌లో తేలేది కాదు. ఇక 'పై రాష్ట్రం మన వాటా వాడేస్తోంది' అన్న ఫిర్యాదు రైతు పెట్టి లాభం లేదు. 1956 నాటి అంతర్రాష్ట్ర నదీ జలాల వివాదాల చట్టం కింద ట్రిబ్యునల్ కావాలని కేంద్రాన్ని అడగాల్సింది రాష్ట్ర ప్రభుత్వమే. అదే చట్టం 11వ సెక్షన్ కోర్టు తలుపు కూడా మూసేసింది. ఎమ్మెల్యే ద్వారా ప్రభుత్వానికి చేర్చడమే దారి.

ఎవరి పనో తేలకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. రాష్ట్రంలో గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. కేంద్ర కార్యాలయాలకూ 10. తప్పు చోటికి వెళ్లినా 6(3) సెక్షన్ ప్రకారం 5 రోజుల్లో సరైన చోటికి పంపాలి. రెండు ప్రభుత్వాల ప్రశ్నలు ఒకే కాగితం మీద కలపొద్దు. 'ఎందుకు చేయలేదు' అని అడిగితే అది సమాచారం కాదని తిప్పికొడతారు. 'దీని నిర్వహణ ఏ శాఖకు అప్పగించారో ఆ ఉత్తర్వు నకలు ఇవ్వండి' అని రాయండి.